సుంకమ్మ తప్పు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు యాభై ఏళ్లు దాటాక వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ నా మాట సరిగా వినవు. ఎక్కడైనా తప్పు పడి ఉంటే మన్నించండి. రాయడం కూడా నిదానమే. ఈ కథ ఎండల్లో మొదలుపెడితే వానలు పడ్డాక పూర్తయింది. మీరూ నిదానంగానే చదవండి.

కేశవ రంగుల షెడ్డు మొదట ఎర్రగుంట్లలో ఉండేది. సిమెంటు లారీలకు రంగులు వేసేవాడు. ముందు తామరపువ్వులు, పక్కల పులులు, వెనక డ్రైవరు బిడ్డల పేర్లు. లారీల వాళ్లు స్టిక్కర్లు అంటించుకోవడం మరిగాక ఆ పని పడిపోయింది. అదే సమయంలో బెంగుళూరు వ్యాపారి జయకుమార్ పరిచయమయ్యాడు. గోల్ఫ్ ఆడే డబ్బున్నవాళ్లకు, ఎవరు కోరిన రంగులో వాళ్లకు స్టిక్కులు చేయించి ఇవ్వడం ఆయన వ్యాపారం. స్టిక్కు మొత్తం కాదు, నడిమి కాడలు మాత్రమే కేశవ దగ్గరికి పెట్టెల్లో వచ్చేవి. నల్లగా, నున్నగా, ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉండేవి. రంగు పూసుకుని తిరిగి పోయేవి. తల బిగించేదీ, పిడి తొడిగేదీ బెంగుళూరులోనే. కాబట్టి షెడ్డులో పనిచేసే ఏ ఒక్కరూ పూర్తి స్టిక్కును కళ్లతో చూసింది లేదు.

ఎర్రగుంట్ల గాలిలో సిమెంటు దుమ్ము ఎక్కువ. లారీ మీద పడితే తుడిచేస్తే సరిపోయేది. తడి కాడ మీద పడితే మాత్రం చీమలు పాకినట్టు గరుకు తేలేది. అందుకని కేశవ షెడ్డును కమలాపురానికి, తన సొంత చేని గట్టుకు మార్చాడు. చుట్టూ తడిపిన గోనెపట్టలు కట్టాడు. పనికి ముగ్గురు ఆడవాళ్లను పెట్టుకున్నాడు. క్రిస్టినా, భువన, సుంకమ్మ.

సుంకమ్మది ఎమ్మిగనూరు వైపు నేతవాళ్ల ఇల్లు. కమలాపురం దగ్గర నేసేవాళ్లింటికే కోడలై వచ్చింది. భర్త ఓబుళేశు దగ్గి దగ్గి రొమ్ము జబ్బుతో పోయాడు. మగ్గం విప్పి అమ్మేశారు. కండెలు చుట్టే రాట్నాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. అది ఆమె దగ్గరే ఉండిపోయింది.

కాడకు ఒకే రంగు పూయడం కష్టం కాదు. రబ్బరు బిళ్లకు నడిమిన చిల్లి పెట్టి, దాని మీద రంగు పోసి, చిల్లిలోంచి కాడను లాగితే చాలు. రంగు సమంగా అంటుకుంటుంది. అది కేశవ చేసేవాడు. చుట్టూ సన్నటి గీతలు పెట్టడమే అసలు పని. టేపు అంటించి పూస్తే అంచు కిందికి రంగు పాకింది. ఒకరు కాడ తిప్పుతుంటే ఒకరు కుంచె పట్టినా గీత మొదలైన చోటికి వచ్చి కలిసేది కాదు. సుంకమ్మ రెండు రోజులు ఊరికే చూసింది. మరునాడు రాట్నాన్ని తలమీద పెట్టుకుని వచ్చింది. కదురు తీసి, ఆ చోట కాడను రబ్బరు ముక్కతో బిగించింది. అవతలి కొసను కత్తిరించిన కొయ్య గాడిలో ఆనించింది. ఎడమచేత్తో చక్రాన్ని జానెడు కదిపితే కాడ ఒక చుట్టు తిరుగుతుంది. కుడిచేతిలో కుంచె కదలదు. ఊపిరి బిగబట్టి, చక్రం కదిపి, ఊపిరి వదిలేలోగా గీత ముగిసేది. ఎక్కడ మొదలైందో వెతికినా దొరికేది కాదు.

అట్లా కుంచె సుంకమ్మ చేతికి వచ్చింది. అయితే ఒక్క గీత తప్ప.

కేశవ తల్లి వెంకటలక్ష్మమ్మకు ఒక పట్టింపు. కొత్త ఆర్డరు వచ్చిన ప్రతిసారీ టెంకాయ, ఊదుబత్తులు తీసుకుని షెడ్డుకు వస్తుంది. మొదటి కాడ మీద మొదటి గీత ముత్తైదువ పెట్టాలి. భువన పెట్టేది. అది వంకరగా వచ్చేది. వెంకటలక్ష్మమ్మ దండం పెట్టుకుని వెళ్లిపోయాక సుంకమ్మ ఆ గీతను తుడిచేసి మళ్లీ పెట్టేది. మొదటిది ఎవరు పెడితేనేం, మిగతావన్నీ నావే కదా అని సర్దుకుంది. అంతకంటే పెద్ద వాటికే సర్దుకున్న మనిషి.

ఆ ఎండాకాలం ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. తెల్ల కాడ, దాని మీద మెరూను గీత, పక్కనే వెంట్రుకంత బంగారు గీత. అంతకుముందు గీతలన్నీ కాడ నడిమిన ఉండేవి. ఈసారి చోటు మారింది. జయకుమార్ ఫోనులో చెప్పిన మాటను కేశవ షెడ్డులోకి వచ్చి చెప్పాడు.

"కొట్టే పక్క జానెడు వదిలి గీత పెట్టాలంటక్కా."

"సరేలేప్పా," అంది సుంకమ్మ.

ఆ రోజు భువన లేదు. అత్తగారింట్లో పని పడి ఎర్రగుంట్లకు వెళ్లింది. పెట్టెలు తీసుకుపోయే లారీ వచ్చే రోజు దగ్గర పడింది. కేశవ తల గోక్కున్నాడు. "నువ్వే మొదలుపెట్టక్కా. అమ్మకు నేను చెప్పుకుంటాలే," అన్నాడు. సుంకమ్మ మొదటి కాడ తీసి, లావు కొస నుంచి జానెడు కొలిచి, మెరూను గీత పెట్టింది. అన్నీ అట్లాగే పెట్టింది. పైన వార్నిషు పట్టించారు. బల్బుల పెట్టెలో ఆరబెట్టారు. పెట్టెలు బెంగుళూరు పోయాయి.

వారం తిరక్కుండానే వెనక్కి వచ్చాయి.

వాటికంటే ముందు జయకుమార్ ఫోను వచ్చింది. కేశవ చేతులనిండా రంగు ఉండడంతో స్పీకరు పెట్టాడు. అందరూ విన్నారు.

"కేశవా, గీతలన్నీ పిడి కిందికి పోయినాయి కదయ్యా. రబ్బరు తొడిగితే ఒక్కటీ కనబడదు."

"కొట్టే పక్కే పెట్టినాం సార్. లావు పక్క."

"లావు పక్క పట్టుకునేదయ్యా! సన్న పక్కకు తల బిగిస్తాం. బంతికి తగిలేది అదే."

క్రిస్టినా ఒక కాడ తీసి సన్న కొసను కిందికి పెట్టి గాల్లో ఊపింది. "సన్న పక్కతో ఎవరన్నా కొడతారా మే? దీంతో కొడితే పామన్నా చచ్చునా?" అంది. గొర్రెల వెంట పోయేవాడైనా, తేలును కొట్టేవాడైనా కట్టెను సన్న వైపు పట్టుకుని లావు వైపుతో కొట్టడమే ఆ నేలలో అందరూ ఎరిగింది. కేశవకు కూడా అనుమానం రాలేదు. అందరూ నవ్వారు. సుంకమ్మ కూడా నవ్వబోయి ఆపుకుంది.

"నేను అడగాల్సింది కేశవా. అడగకపోతిని," అంది.

ఆ మాట అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. పెట్టెలు దించిన రోజే వెంకటలక్ష్మమ్మ షెడ్డుకు వచ్చింది. వెనక్కి వచ్చిన కాడలను చూసింది. కొడుకును చూసింది.

"ఎవరు మొదలుపెట్టినారు?"

కేశవ నేలచూపులు చూశాడు.

"నేనే పెద్దమ్మా," అంది సుంకమ్మ.

"నీకు తెలీదామ్మే? ఇన్నాళ్లుగా సూస్తాండావు గదా. ముత్తైదువ చెయ్యి పడాల్సిన చోట నీ చెయ్యి పడె. ఇట్ల కాకుంటే ఎట్లవుతాది?"

క్రిస్టినాకు నోరు ఊరుకోదు. "లావు పక్క సన్న పక్క తెలీక అయింది పెద్దమ్మా. నేనూ ముత్తైదువనే. నా చేతికిచ్చుంటే నేనూ లావు పక్కే పెట్టుందును."

"నువ్వు గమ్మునుండు. మీకు ఈ పట్టింపులు యాడ ఉంటాయి?"

"పట్టింపులు లేకుంటే లేకపాయ. గొలుసుకు సిలువ ఏసుకుంటే మొగుడు మొగుడు కాకుండా పోతాడా? ఇంటికాడ గురక పెట్టి నిద్రపోతాండాడు, పోయి సూసి రా."

భువన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటలక్ష్మమ్మ నవ్వలేదు. కొడుకు వైపు తిరిగి, "ఇంగ మీద ఆ కుంచె భువన పట్టుకోవాల. లేదంటే ఈ షెడ్డు నాకొద్దు," అని వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున సుంకమ్మ కుళాయి దగ్గర కుంచెలు కడుగుతుంటే కేశవ వచ్చి నిలబడ్డాడు. మంచివాడే. ఎదురుగా ఎవరినీ ఒక మాట అనలేడు. ఎవరి ఎదుటా ఎవరి పక్షమూ నిలబడలేడు.

"అక్కా, నీ తప్పేం లేదు. నేను ఏమీ అనుకోను. టైము బాగలేదంతే. నువ్వు ఇంగ కాయితం పని సూసుకో, గీతలు భువన పెడతాది. నీకొచ్చేదాంట్లో నేనేం తగ్గించను."

కాయితం పని అంటే తడి గరుకు కాగితంతో కాడలను నునుపు చేయడం. కొత్తగా వచ్చినవాళ్లకు ఇచ్చే పని అది.

సుంకమ్మ కుంచె నీళ్లు విదిలించింది. "నా తప్పేం లేదంటావా?"

"లేదక్కా."

"మరి కుంచె ఎందుకు పీక్కుంటాండావు?"

కేశవ వంగి కుళాయి కట్టేశాడు.

"తప్పు చేసినావు, కుంచె పెట్టేయమను, పెట్టేస్తా. నాలుగు నాళ్లు కాయితం పట్టి మళ్లీ అడుగుతా. టైము బాగలేదని పీక్కుంటే మాత్రం ఇయ్యను."

"రెండూ ఒకటే గదక్కా."

"ఒకటెట్లయితాదప్పా? తప్పయితే దిద్దుకుంటా. టైమయితే నేనేం చేసేది? నా చెయ్యి పని చేస్తాందా, టైము పని చేస్తాందా?"

కేశవ ఎటూ చెప్పలేక, "సరే, ముందు పాత రంగు తీద్దాంలే," అని షెడ్డులోకి పోయాడు.

రంగు తీయడం సుంకమ్మ తన మీదే వేసుకుంది. మందు పూసి ఊడదీస్తే తేలికే, అయితే మందు కాడ లోపలికి దిగి దాన్ని చెడగొడుతుంది. కాగితంతోనే తీయాలి. ఆ నల్లటి కాడ లోపల పోగులు ఉంటాయి. పడుగులాగా నిలువుగా, పేకలాగా అడ్డంగా, బంకతో అతికినవి. ఒత్తిడి ఎక్కువైతే పోగు బయటపడుతుంది. పోగు తెగిందా, ఆ కాడ పారేయాల్సిందే. వేలి కొసతో తడుముకుంటూ, నీళ్లు చిలకరించుకుంటూ, వార్నిషు పోయి, బంగారం పోయి, మెరూను పోయి, తెలుపు పలచబడే చోట ఆగాలి. క్రిస్టినా సాయం పట్టింది. ఇద్దరి వేళ్లూ నానిన శెనగల్లా ముడుతలు పడ్డాయి.

"ఎందుకు మే ఈ పంతం?" అంది క్రిస్టినా. "కాయితమయితేనేం, కుంచెయితేనేం? నీకొచ్చే దుడ్లు నీకొస్తాయి."

సుంకమ్మకు తన అత్తగారిల్లు గుర్తుకొచ్చింది. భర్త పోయాక ఆ ఇంట్లో పోగు తెగినా, బోరు ఎండినా, మరిదికి చూసిన సంబంధం తప్పిపోయినా కారణం ఒక్కటే చెప్పేవాళ్లు. చివరికి పులుసులో ఉప్పు ఎక్కువైనా, ఉప్పు ఎక్కువ వేశావని ఎవరూ అనేవారు కాదు. పొద్దున లేచి ఎవరి మొహం చూశామో అనేవారు. ఉప్పు ఎక్కువ వేశావని ఒక్కసారి తిట్టి ఉంటే ఆమె సంతోషపడేది. మరునాడు తక్కువ వేసేది. ఆ ఇంట్లో ఆమె చేసింది ఏదీ ఆమె చేసినట్టు కాదు. చెడిపోయిందంతా ఆమె రాకవల్ల చెడిపోయింది. బాగుపడింది దేవుడి దయవల్ల బాగుపడింది.

ఈ షెడ్డులోనే తొలిసారి ఆమె చేతినుంచి ఒకటి వచ్చింది. వంకరగా వస్తే వంకర. తిన్నగా వస్తే తిన్నన.

"తప్పు నాది కాదంటే ఒప్పు కూడా నాది కాదనే గదా క్రిస్టినా," అంది చివరకు. "ఇన్ని కాడల మీద ఇన్ని గీతలు పెడితిని. అవి ఎవరివి మరి?"

క్రిస్టినా కాసేపు కాగితం రుద్దింది. "నీవే," అంది. ఆపైన ఆ సంగతి ఎత్తలేదు.

కాడలన్నీ నునుపయ్యాయి. కేశవ మళ్లీ తెల్లరంగు లాగాడు. గీతలు పెట్టాల్సిన పొద్దున వెంకటలక్ష్మమ్మ పళ్లెంలో టెంకాయ, పసుపు, ఊదుబత్తులు పెట్టుకుని వచ్చింది. భువన తలంటుకుని, పూలు పెట్టుకుని ఆమె వెనకే వచ్చింది.

సుంకమ్మ అప్పటికే రాట్నం ముందు కూర్చుని ఉంది. మొదటి కాడ బిగించి ఉంది. సన్న కొస తన వైపు ఉంది. మెరూను రంగు గిన్నెలో కలిపి ఉంది. కుంచె చేతిలో ఉంది.

"లెయ్యమ్మే," అంది వెంకటలక్ష్మమ్మ.

"లెయ్యను పెద్దమ్మా."

గోనెపట్టల వెనక గాలి ఒకసారి విసిరి ఆగింది. భువన అటూ ఇటూ చూసి సుంకమ్మ పక్కన చేరి మెల్లగా, "అత్తా, ఆమె పెట్టమంటాంది, నేనేం చేసేది?" అంది.

"నీ మీద నాకేం కోపం లేదు బిడ్డా. ఈడ కూచో. సెయ్యి ఎట్ల పట్టేది సూపిస్తా. నేర్చుకుంటే నీకూ కుంచె వస్తాది. ఈపొద్దు మొదలుపెట్టేది మాత్రం నేనే."

భువన కూర్చుంది. కూర్చోవడం చూసి వెంకటలక్ష్మమ్మ మొహం ఎర్రబడింది. ఊదుబత్తులు వెలిగించి పళ్లేన్ని రాట్నం దగ్గరికి తెచ్చింది.

"ఊదుబత్తి బయట పెట్టు పెద్దమ్మా. బూడిద తడి రంగు మీద పడతాది."

"నాకే చెప్తాండావా?"

"రంగు దగ్గర ఎవరికైనా చెప్తా."

ఆ సమయానికే జయకుమార్ ఫోను చేశాడు. కేశవ దిక్కులు చూస్తూ స్పీకరు నొక్కాడు.

"ఏమయ్యా, ఈసారి సరిగ్గా వస్తాయి కదా? పోయినసారి ఎట్లా జరిగిందని ఆర్డరిచ్చిన పార్టీవాళ్లు అడుగుతున్నారు. ఏం చెప్పేది?"

"అది సార్... టైము కొంచెం బాగలేక..."

"టైము కాదు సార్," అంది సుంకమ్మ, షెడ్డు మొత్తం వినేటట్టు. "నా పేరు సుంకమ్మ. గీతలు పెట్టేది నేను. లావు పక్క కొట్టే పక్క అనుకుంటి. అడక్కుండా పెడితిని. తప్పు నాది. రంగు తీసి దిద్దినా. ఈసారీ నేనే పెడతాండా."

అవతల నవ్వు వినిపించింది. "సరేనమ్మా. సన్న పక్క, జానెడు వదిలి."

"ఎవరి జాన సార్? మీదా, నాదా?"

"ఓహో, అదొకటుందా! తొమ్మిది అంగుళాలమ్మా. తల తొడిగే ముక్క కూడా అందులోకే వస్తుంది."

"ఇప్పుడు చెప్తిరి, బాగుండాది. టేపు ఇయ్యి భువనా."

ఫోను పెట్టేశాక వెంకటలక్ష్మమ్మ కొడుకును పిలిచింది. "కేశవా, ఆమె మొదలుపెట్టిందంటే నేను మళ్లీ ఈ షెడ్డులో కాలు పెట్టను. నువ్వే తేల్చుకో."

కేశవ తల్లిని చూశాడు. రాట్నాన్ని చూశాడు. రంగు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు. అతని నోట మాట రాదని సుంకమ్మకు తెలుసు. ఆమె అతని కోసం కాచుకోలేదు.

"పోవద్దు పెద్దమ్మా," అంది. "నిలబడి సూడు. వంకర వచ్చిందనుకో, సుంకమ్మ చెయ్యి వంకర అను. ఊరంతా చెప్పు. నేను కాదనను. తిన్నగా వస్తే అది కూడా నా చెయ్యే అనాల. మొదటి దాన్ని నా నెత్తిన వేసి, రెండో దాన్ని దేవుడికి ఇయ్యాలంటే మాత్రం కుదరదు."

"ఎంత నోరొచ్చింది నీకు!"

"ముందు నుంచీ ఉండాది. వాడలేదంతే."

తొమ్మిది అంగుళాలు కొలిచి, గోటితో గుర్తు పెట్టుకుంది. కుంచెను రంగులో ముంచి, గిన్నె అంచుకు రెండు వైపులా ఒత్తి, కొసన ఒక్క బొట్టు మిగిలేటట్టు చూసుకుంది. సన్న కొస మీద రంగు తొందరగా జారుతుంది, లావు కొసకు వాడినంత పనికిరాదు. మోచేతిని మోకాలికి ఆనించింది. ఊపిరి బిగబట్టింది. చక్రాన్ని కదిపింది.

వెంకటలక్ష్మమ్మ నిజంగానే నిలబడి చూసింది. మొదట్నుంచీ చివరిదాకా చూసింది. గీత తిరిగి వచ్చి తన మొదటినే తాకి కలిసిపోయింది. సుంకమ్మ ఊపిరి వదిలి, కాడను వెలుతురుకు ఎత్తి, ఆమె కళ్ల ముందు నిదానంగా ఒక చుట్టు తిప్పింది.

వెంకటలక్ష్మమ్మ బాగుందనలేదు, బాగలేదనలేదు. ఊదుబత్తులు నేలకు ఒత్తి ఆర్పింది. టెంకాయ కొట్టకుండానే చంకన పెట్టుకుని చేని గట్టు వెంట ఇంటికి నడిచింది. ఆమె మనసు మారలేదు. ఆ తర్వాత షెడ్డుకు రానూ లేదు.

కేశవ గోనెపట్ట దాకా తల్లి వెనక వెళ్లి ఆగాడు. ఆమె గట్టు దాటేవరకు చూశాడు. లోపలికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, బల్బుల పెట్టె స్విచ్చి వేశాడు. సుంకమ్మ చేతిలోంచి మొదటి కాడ అందుకుని, తడి గీతకు వేలు తగలకుండా కొస పట్టుకుని లోపల వేలాడదీశాడు.

"ఇంకోటి ఇయ్యక్కా," అన్నాడు.

క్రిస్టినా, "అబ్బా, ఇప్పటికి నోరు పెగిలెనప్పా!" అంది.

రెండో కాడ కూడా తిన్నగా వచ్చింది. మూడో దాని దగ్గర భువన ఏదో అడిగితే సుంకమ్మ జవాబు చెప్పబోయింది. ఊపిరి చెదిరి గీత ఒక పక్క లావైంది. భువన భయంగా ఆమె వైపు చూసింది. వెళ్లిపోయిన మనిషి తిరిగొస్తుందేమోనని గోనెపట్ట వైపు కూడా చూసింది.

"నాదే," అంది సుంకమ్మ. "మాట్లాడితి గదా, అందుకే లావాయ." గుడ్డను స్పిరిటులో ముంచి ఆ గీతను శుభ్రంగా తుడిచేసింది. కుంచె మళ్లీ రంగులో ముంచింది.

రాసింది మహాదేవమ్మ, అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉండేది ఎర్రగుంట్ల, రైల్వే గేటుకు ఇవతలి వీధి.